గాలికి పొలిమేర లేదు

ప్రతి గ్రామమునకును పొలిమేర కలదు, గాలికి లేదు. రహదారిపై పోవు లారీల పొగ పల్లెను చేరుచున్నది. పల్లెలో తగులబెట్టిన వరిగడ్డి పొగ పట్టణమును చేరుచున్నది. గాలిని శుభ్రముగా నుంచుట ఒక్క ఊరివలన నగు పని కాదు. అయినను ప్రతి పంచాయతీయు చేయదగినది కొంత కలదు. దానిని ఇచట వివరింపదలచితిమి.

పొగలో మిక్కిలి హానికరమైనది 2.5 మైక్రానులకు మించని నలుసు. ఇది తలవెండ్రుక మందములో సుమారు ముప్పదవ వంతు. ముక్కు దీనిని ఆపజాలదు. ఊపిరితిత్తుల లోతునకు పోయి, రక్తమునందు సైతము చేరగలదు. పసిపిల్లలకును, వృద్ధులకును, ఉబ్బసము కలవారికిని అపాయము హెచ్చు. ఘన మీటరు గాలిలో దీని వార్షిక సగటు 40 మైక్రోగ్రాములు మించరాదని మన దేశమున 2009లో నిర్ణయించిరి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించిన హద్దు 5 మాత్రమే.

ఇంధనమును శుద్ధిచేయించుట ప్రభుత్వముల పని. 2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతటను అమ్ముచున్న భారత్ స్టేజి 6 డీజిలులో గంధకము పదిలక్షల పాళ్లకు 50 నుండి 10 పాళ్లకు తగ్గినది. కాని పొగ పుట్టు చోటును, పిల్లలు మసలు చోటును దూరముగా నుంచుట స్థానిక ప్రణాళికవలననే సాధ్యము. రాజ్యాంగము పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు సంబంధించిన 29 విషయములను పేర్కొన్నది. రోడ్లు, పాఠశాలలు, సామాజిక వనములు వానిలోనివే.

కావున గ్రామాభివృద్ధి ప్రణాళికను తయారుచేయునపుడు కొన్ని సంగతులు గమనింపవలెను.

మొదటిది, స్థలనిర్ణయము. పెద్ద రహదారికి వంద, రెండువందల మీటర్ల లోపల పొగ అధికము. క్రొత్త బడికి, అంగన్‌వాడీకి అంతకు లోపలి స్థలము మంచిది కాదు. వానకాలమున గాలి నైరుతినుండియు, చలికాలమున ఈశాన్యమునుండియు ఎక్కువగా వీచును. ఇటుకబట్టీకి, లారీలు నిలుచు తావునకు చోటు చూచునపుడు ఈ రెండు దిక్కులును తలచుకొనవలెను.

రెండవది, ప్రయాణము. ఏబది మోటారుసైకిళ్లపై పోవువారిని ఒక్క బస్సు తీసికొనిపోగలదు. బడివేళకు, సంతవేళకు బస్సు నడుపవలెనని తీర్మానించి డిపోకు పంపవచ్చును. బడికి నడచిపోవు పిల్లలకు, సైకిళ్లకు రోడ్డు ప్రక్కన గట్టి బాట వేయించినచో దుమ్మును తగ్గును.

మూడవది, వరిగడ్డి. చలికాలపు ఉదయమున గాలి కదలక, పొగ నేలనంటి నిలుచును. ఆ దినములలోనే కోతలు ముగియును. గడ్డిని కట్టలు కట్టించి పశుగ్రాసముగా వాడుకొనుట, లేదా ముక్కలుచేసి దుక్కిలో కలియదున్నుట మేలు. ఇరుగుపొరుగు పంచాయతీలు కలిసి నిర్ణయించినగాని దీని ఫలితము కనబడదు.

ఒకసారి కట్టిన బడి మరల కదలదు. నేడు గ్రామసభలో ఎంచిన స్థలముననే రేపటి పిల్లలు ఏండ్ల తరబడి గాలి పీల్చుదురు. ఈ సంగతిని సభ్యులు ప్రణాళికపై చేవ్రాలు చేయుటకు ముందే యోచింతురని ఆశించుచున్నాము.