చూర్ణాల సంగతి డాక్టరు గారికి చెప్పారా?

మా నాన్నగారికి గుండెలో స్టెంట్ వేసి రెండేళ్ళు దాటింది. మాత్రలు వేళకు వేసుకుంటారు, సాయంత్రం నడకకు వెళతారు. అలాంటిది మొన్న వేసవిలో బీపీ బాగా పెరిగింది. పాదాలు వాచాయి. కాళ్ళలో సత్తువ లేదన్నారు. రక్తపరీక్షలో పొటాషియం తగ్గిందని తేలింది.

"ఈ మాత్రలు కాక ఇంకేమైనా వాడుతున్నారా?" అని డాక్టరు గారు అడిగారు.

"వేరే మందులేవీ లేవండీ" అన్నారు నాన్నగారు.

అమ్మ ఊరుకోలేదు. "దగ్గుకని నెలన్నరగా పూటకో చెంచా అతిమధురం చూర్ణం తింటున్నారు కదండీ!" అంది.

నాన్నగారి దృష్టిలో అది మందే కాదు. అసలు చిక్కు అక్కడే ఉంది.

అతిమధురంలో గ్లిసరైజిన్ అనే పదార్థం ఉంటుంది. ఎక్కువ రోజులు తింటే ఒంట్లో ఉప్పు, నీరు నిలిచిపోతాయి, పొటాషియం బయటికి పోతుంది. బీపీ పెరుగుతుంది, గుండె లయ తప్పే ప్రమాదమూ ఉంది. నీరు పోవడానికి మాత్రలు వాడేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. చూర్ణం ఆపించి వైద్యం చేశాక నాన్నగారు కోలుకున్నారు.

ఆ తర్వాతే నేను ఈ విషయాలు శ్రద్ధగా చదివాను. మన రక్తనాళాల లోపల ఎండోథీలియం అనే పలుచని పొర ఉంటుంది. అది నైట్రిక్ ఆక్సైడ్‌ను విడుదల చేసి నాళాలను సడలిస్తుంది. ఈ సంగతి కనిపెట్టిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 1998లో నోబెల్ బహుమతి వచ్చింది. పొగతాగడం, షుగరు, అధిక బీపీ ఈ పొరను దెబ్బతీస్తాయి.

దీన్ని మూలికలు బాగుచేస్తాయా? తెల్లమద్ది, అంటే అర్జున బెరడు మీద మన దేశంలో జరిగిన కొన్ని చిన్న పరిశోధనల్లో ఆశాజనక ఫలితాలు వచ్చాయి. కానీ మాత్రలు మానేసి దాన్నే నమ్ముకోవడానికి ఆ ఆధారం చాలదు. గుగ్గులు కొలెస్ట్రాల్ తగ్గిస్తుందని పేరు. 2003లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధనలో మాత్రం చెడు కొలెస్ట్రాల్ తగ్గకపోగా కొంచెం పెరిగింది.

వెల్లుల్లి కూరలో వేసుకోవడం వేరు, క్యాప్సూల్‌గా మింగడం వేరు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వంటి రక్తం పలుచబరిచే మాత్రలతో వెల్లుల్లి, జింకో క్యాప్సూల్స్ కలిస్తే రక్తస్రావం ఎక్కువ కావచ్చు. పన్ను పీకించుకునే ముందు కూడా ఈ సంగతి చెప్పాలి. అలాగని స్టెంట్ వేసుకున్నవారు ఆ మాత్రలను సొంతంగా ఆపకూడదు. స్టెంట్‌లో రక్తం గడ్డకట్టి ప్రాణం మీదికి రావచ్చు.

మన దగ్గరకు లోన్‌కి వచ్చినవారిని వేరే బ్యాంకుల్లో ఉన్న అప్పులు కూడా చెప్పమంటాం. ఒక్కటి దాచినా లెక్క తప్పుతుంది. డాక్టరు గారి లెక్కా అంతే. ఇప్పుడు నాన్నగారి మందుల చీటీ వెనక అమ్మ చూర్ణాలు, కషాయాలు, క్యాప్సూల్స్ అన్నీ రాసిపెడుతుంది. మీ ఇంట్లోనూ ఈ ఆదివారం అలాంటి జాబితా ఒకటి రాయండి. ఈసారి చెకప్‌కి వెళ్ళేటప్పుడు వెంట తీసుకెళ్ళండి.