పగ్గానికి పురి, పలకకు జిగురు

తెలంగాణలోని పాన్‌గల్ వైపు పుంటికూర, అంటే గోంగూర అనగానే అందరికీ గుర్తొచ్చేది పప్పు, పచ్చడి. కూర దశ దాటి ఆ గోగు మొక్క నిలువెత్తు పెరిగితే దాని కట్టె మీది బెరడంతా నారే. పూత మీద కోసి, కట్టలు కట్టి, కుంటలో రెండు వారాలు ముంచితే పోగుల మధ్య బంక కుళ్లి నార ఊడొస్తుంది. ఇంకొన్నాళ్లు మరిచిపోయారా, నారే కుళ్లి పుటుక్కున తెగుతుంది.

ఈ జాతి నార భీమునిపట్నం రేవులో ఓడలెక్కేది. అందుకే విదేశీ వ్యాపారంలో ‘బిమ్లీ జ్యూట్’ అన్న పేరు నిలిచింది. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలసలో గోగుపంట మీద పరిశోధనలు జరుగుతున్నాయి.

పగ్గంలో పోగుల్ని పట్టి ఉంచేది పురి. లాగేకొద్దీ ఒకదాన్నొకటి బిగించుకుంటాయి. అదే నారను పరుపులా పరిచి, రెజిన్ అనే జిగురు పట్టించి, పలకగా నొక్కితే ఆ పని జిగురు మీద పడుతుంది. చిక్కంతా ఇక్కడే. నార నీళ్లు పీలుస్తుంది, రెజిన్‌కు నీళ్లు గిట్టవు. మధ్యలో సందు మిగులుతుంది. బరువు పడితే పోగు తెగకుండానే జారి ఊడొస్తుంది. పలక విరిగిన చోట నార పీచుపీచుగా బయటికి వేలాడుతుంటే అది జిగురు పట్టనట్టు లెక్క.

దీనికి విరుగుడు కాస్టిక్ సోడా. ఐదు శాతం సోడా కలిపిన నీళ్లలో కొన్ని గంటలు ఉంచితే పోగు మీది మైనం, కొంత లిగ్నిన్ పోయి ఒళ్లు గరుకెక్కుతుంది, రెజిన్‌కు పట్టు దొరుకుతుంది. ఘాటు పెరిగితే నారకే చేటు. ఇంతకన్నా చాలా చిక్కటి సోడాతో నూలుకు బలం తెచ్చే పద్ధతికి ఇంగ్లండులో జాన్ మెర్సర్ 1850లోనే పేటెంటు పొందాడు.

తడి సంగతీ చూడాలి. జనపనార వ్యాపారంలో పొడి బరువు మీద 13.75 శాతం తేమను మామూలుగానే ఒప్పుకుంటారు. నారను ఆరబెట్టకుండా వేడి ప్రెస్సులో పెడితే ఆ తేమ ఆవిరై బుడగలు కడుతుంది. ప్రతి బుడగా పగులుకు మొదలే.

పోగులన్నీ ఒకే దిక్కున పరిస్తే నిలువునా బలం, అడ్డంగా నీరసం. అందుకే పొరను నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి వేస్తారు.

ఇదే తీరులో పత్తితో ఏకంగా కారే చేశారు! తూర్పు జర్మనీలో 1957 నుంచి 1991 దాకా దాదాపు 30 లక్షల ట్రాబంట్ కార్లు తయారయ్యాయి. వాటి పై తొడుగు చాలావరకు పత్తి వ్యర్థానికి ఫినాల్ రెజిన్ పట్టించి వేడిగా నొక్కిన పలకే. తుప్పు పట్టదు, సరే. కానీ ఆ రెజిన్ ఒకసారి గట్టిపడ్డాక మళ్లీ కరగదు. కాలం చెల్లిన కార్ల తొడుగులను ఏం చేయాలో తెలియక జర్మన్లు తలలు పట్టుకున్నారు.