వేలంపాటలో మీ కార్డు

మీ దగ్గర ఒకేలాంటి పోకెమాన్ కార్డులు రెండు ఉన్నాయా? ఒకటి దాచుకుని, రెండోది ఈబేలో వేలానికి పెట్టొచ్చు. 18 ఏళ్ళు నిండేదాకా అమ్మ ఖాతాలోనో నాన్న ఖాతాలోనో, వాళ్ళని అడిగే పెట్టాలి.

కొనేవాళ్ళు ఒకరిమీద ఒకరు ధర పెంచుతూ పోవడమే వేలం. తెలుగులో దీన్ని "వేలంపాట" అంటాం. ధర చెప్పడం అంటే "పాట పాడటం"! హైదరాబాదు దగ్గర బాలాపూర్‌లో వినాయకుడి లడ్డూని ఏటా ఇలాగే పాడతారు. 1994లో మొదటిసారి అది 450 రూపాయలకి పోయింది.

ఈబేలో గడువు ముగిసేసరికి ఎవరు ఎక్కువ పాడితే కార్డు వాళ్ళదే. మొదటి ధర మాత్రం మీరే పెట్టాలి. ఒక డాలరు అని పెట్టారనుకోండి. ఒక్కరే పాడితే ఆ డాలరుకే ఇచ్చెయ్యాలి! అందుకే పోస్టు ఖర్చు, ఈబే ఫీజు ముందే లెక్క వేసుకోండి.

కార్డు మూల మడత పడిందా? అది కనబడేలా ఫొటో తీయండి, మాటల్లోనూ రాయండి. కొనేవాళ్ళు కార్డుని చేత్తో పట్టుకుని చూడలేరు కదా. మీ మాట నమ్మే డబ్బు పంపిస్తారు.

ఆలోచించండి: మడత సంగతి చెబితే ధర తగ్గొచ్చు. అయినా ఎందుకు చెప్పాలి? మూడు వాక్యాల్లో రాయండి.