మీకు తెలుసా? గుమ్మం కాదు, పెరటి తలుపు చూడండి

సంబంధం కలుపుకునేముందు అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు చూడాలనేవారు పెద్దవాళ్లు. పరిచయాల యాప్ ఫోన్‌లోకి దించుకునేముందు మనం చూసేది మాత్రం నాలుగున్నర నక్షత్రాల రేటింగు ఒక్కటే. ఆ సంస్థ ఎవరిది, మన ఫొటోలు ఎక్కడ దాస్తుంది, చాలనుకున్నరోజు మనల్ని వదులుతుందా అని ఎవరం అడగం. ఈసారి ముచ్చట్లు ఎక్కువగా ఆ పెళ్లిళ్ల పేరయ్య గురించే. పెళ్లికొడుకు, పెళ్లికూతుళ్ల సంగతి తర్వాత.

◆ వెబ్ చిరునామా పక్కన తాళంకప్ప గుర్తుంటే సైటు మంచిదని చాలామంది నమ్మకం. అది హామీ ఇచ్చేది ఒక్కటే: మీకూ సైటుకూ మధ్య నడిచే మాటలు దారిలో ఇంకొకరు చదవలేరని. అవతల కూర్చున్నవాడే దొంగైతే, దొంగతో మీరు గుట్టుగా మాట్లాడుతున్నారన్నమాట! జనం ఆ గుర్తును అపార్థం చేసుకుంటున్నారని గమనించి గూగుల్ 2023లో క్రోమ్ బ్రౌజర్‌లో దాన్ని తీసేసి వేరే గుర్తు పెట్టింది.

◆ తాళం సంగతి అలా ఉంటే, పతకాల కథ ఇంకా రంజుగా ఉంటుంది. కెనడాలోని టొరంటో నుంచి నడిచిన యాష్లీ మాడిసన్, పెళ్లయినవాళ్ల చాటుమాటు పరిచయాల కోసం పెట్టిన సైటు. గుట్టే దాని సరుకు. మొదటి పేజీలో ‘నమ్మకమైన భద్రతా పురస్కారం’ అంటూ ఒక పతకం బొమ్మ మెరిసేది. 2015 జులైలో ‘ఇంపాక్ట్ టీమ్’ అనే పేరుతో హ్యాకర్లు లోపలికి చొరబడ్డారు. సైటు మూసేయకపోతే అంతా బయటపెడతామని బెదిరించి, ఆగస్టులో అన్నంత పనీ చేశారు. దాదాపు 3.6 కోట్ల ఖాతాల వివరాలు వీధినపడ్డాయి. కెనడా, ఆస్ట్రేలియా గోప్యతా కమిషనర్లు కలిసి విచారణ చేస్తే తేలిందేమిటంటే, ఆ పురస్కారం ఎవరూ ఇచ్చింది కాదు. కంపెనీ తనకు తానే వేసుకున్న దండ!

అంతకన్నా నాకు మింగుడుపడనిది 19 డాలర్ల వ్యవహారం. ఖాతా ‘పూర్తిగా చెరిపేయడానికి’ ఆ రుసుము తీసుకునేవారు. కట్టినవాళ్ల సమాచారమూ ఏడాదిపాటు కంపెనీ దగ్గరే ఉండేది. కట్టనివాళ్లదైతే గడువన్నదే లేకుండా పడి ఉండేది. పైగా మగవాళ్లను కబుర్లలోకి దింపి డబ్బు కట్టించడానికి ఆడపేర్లతో ఉత్తుత్తి ప్రొఫైళ్లు నడిపారని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. 2016 డిసెంబరులో కంపెనీ 16 లక్షల డాలర్లు కట్టి రాజీపడింది.

ఈ కథ చదివినప్పటినుంచీ ఏ కొత్త సైటుకు వెళ్లినా నేను ముందు వెతికేది ఖాతా తొలగించే మీట ఎక్కడుందా అని. చేరడానికి ఒక్క నొక్కు చాలు, బయటపడటానికి మాత్రం ఈమెయిళ్లూ బతిమాలుకోవడాలూ కావాలంటే ఆ గుమ్మం తొక్కను.

◆ ఫోన్‌లోంచి యాప్ తీసేస్తే పీడా పోయినట్టేనా? లేదు. మీ ఫొటో, మీ వయసు, మీ ఇష్టాయిష్టాలు వాళ్ల కంప్యూటర్లలో అలాగే ఉంటాయి. నెలనెలా చందా కోత కూడా ఆగదు. దాన్ని ప్లే స్టోర్‌లోనో ఆపిల్ ఖాతాలోనో విడిగా రద్దు చేయాలి. ఖాతా తెరిపించుకునే ప్రతి యాప్‌లోనూ దాన్ని తొలగించే వీలూ లోపలే ఉండి తీరాలని ఆపిల్ 2022 జూన్ 30 నుంచి నియమం పెట్టింది. మన దగ్గర 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, మన సమాచారాన్ని చెరిపించుకునే హక్కు ఇచ్చింది. దాని నియమాలు 2025 నవంబరుకు గానీ రాలేదు. కంపెనీలు సర్దుకోవడానికి మరో 18 నెలల గడువు! నిదానమే ప్రధానం మరి.

◆ ‘మీ మీద ఒకరు మనసుపడ్డారు. ఎవరో చూడాలంటే చందా కట్టండి.’ ఇలాంటి ఈమెయిల్ వస్తే ఎవరికైనా గుండె కాస్త వేగంగా కొట్టుకుంటుంది. 1995లో మొదలైన మ్యాచ్ డాట్ కామ్ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2019లో వేసిన దావాలో ముఖ్యమైన ఆరోపణ ఇదే: మోసగాళ్లవని తన సొంత వ్యవస్థ అనుమానించిన ఖాతాల నుంచి వచ్చిన పలకరింపులను కూడా కంపెనీ ఇలా ఎరగా వాడుకుందని. ఆ ఆరోపణ కోర్టులో నిలవలేదు. చందా రద్దు చేసుకోవడం కష్టం చేశారన్నది సహా మిగిలిన ఆరోపణల మీద 2025 ఆగస్టులో 1.4 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. చూశారా, ఇక్కడా పేచీ పెరటి తలుపు దగ్గరే.

◆ గుర్తింపు కార్డు అడిగే సైటును నమ్మొచ్చా? దొంగ ప్రొఫైళ్లు తగ్గుతాయి కాబట్టి సగం నమ్మొచ్చు. ఆ కార్డును తర్వాత ఏంచేస్తారన్నది మిగతా సగం. మగవాళ్ల మంచిచెడ్డలు ఆడవాళ్లు ఒకరికొకరు చెప్పుకొని జాగ్రత్తపడటానికి అమెరికాలో ‘టీ’ అనే యాప్ వచ్చింది. చేరేవాళ్లు ఆడవాళ్లేనని తేల్చుకోవడానికి సెల్ఫీలు, కార్డులు తీసుకుంది. 2025 జులైలో దాని నుంచి సుమారు 72,000 బొమ్మలు బయటికి పొక్కాయి. వాటిలో 13,000 దాకా ఆ సెల్ఫీలు, కార్డుల ఫొటోలే. రక్షణ కోసం వెళ్లినవాళ్ల ముఖాలే బజారున పడ్డాయి.

◆ ‘మీకు 3 కిలోమీటర్ల దూరంలో’ అని యాప్ చూపిస్తే అదేం పెద్ద రహస్యం అనిపిస్తుంది. బడిలో వృత్తలేఖినితో గీసిన వృత్తాలు గుర్తు తెచ్చుకోండి. మూడు వేర్వేరు చోట్ల నుంచి మీ దూరం తెలిస్తే మూడు వృత్తాలు గీయొచ్చు. అవి కలిసే చుక్కే మీరున్న చోటు. బెల్జియంలోని ల్యూవెన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 15 డేటింగ్ యాప్‌లను పరీక్షించి, ఇలాంటి లెక్కలతో ఆరింటిలో మనిషి ఉన్న చోటును దాదాపు కచ్చితంగా పట్టేయొచ్చని 2024లో చూపించారు. బంబుల్, హింజ్ ఆ ఆరింటిలో ఉన్నాయి. తప్పు తెలిశాక కంపెనీలు సవరించుకున్నాయి. అయినా దూరం దాచుకునే వీలు ఇవ్వని యాప్‌తో మనకేం పని?

◆ పెళ్లి సంబంధాల సైట్లు ‘మాది డేటింగ్ సైటు కాదు’ అని స్పష్టంగా చెప్పాలని, సభ్యుల గుర్తింపును సరిచూడాలని కేంద్రం 2016 జూన్‌లోనే సూచనలిచ్చింది. 2021 ఐటీ నియమాల ప్రకారం ఇలాంటి వేదికలు ఫిర్యాదుల అధికారి పేరు, సంప్రదించే వివరాలు బయటికి కనబడేలా పెట్టాలి. అది కనబడని సైటుకు ఫొటో ఇవ్వడమంటే, ఊరూపేరూ చెప్పని పేరయ్య చేతిలో జాతకం పెట్టడమే.

◆ సైటు మంచిదే అయినా లోపల తిరిగేవాళ్లంతా మంచివాళ్లని కాదు. 2024లో హైదరాబాద్ మాదాపూర్‌లో, డేటింగ్ యాప్‌లో పరిచయమైన అమ్మాయి అబ్బాయిని పబ్బుకు పిలిచి, ఖరీదైన మద్యం తెప్పించి, బిల్లు అతని నెత్తిన వేసి జారుకునే ముఠాను పోలీసులు పట్టుకున్నారు. పరువు పోతుందని చాలామంది నోరు మూసుకుని కట్టేశారట. ఆ మొహమాటమే ముఠా పెట్టుబడి.

◆ అసలు పెద్ద మోసానికి చైనాలో పుట్టిన పేరు ‘పందిని మేపి కోయడం’. మన భాషలో తడిగుడ్డతో గొంతు కోయడం. వారాల తరబడి తీపి కబుర్లు, యాప్‌లోంచి వాట్సాప్‌కో టెలిగ్రామ్‌కో మకాం మార్పు, ఆపైన ‘నేను పెట్టుబడి పెట్టే చోటు చూపిస్తాను’. మొదట చిన్న లాభం నిజంగానే చేతికొస్తుంది. పెద్ద మొత్తం పెట్టాకే తలుపులు మూసుకుంటాయి. బాధితులను పందులనడం వాళ్లను ఇంకా సిగ్గుపడేలా చేస్తోందని, ఆ పేరు వాడొద్దని ఇంటర్‌పోల్ 2024 డిసెంబరులో కోరింది. డబ్బు పోయిన వెంటనే, గంటల్లోపే, సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేస్తే అది చేతులు మారకముందే బ్యాంకులు ఆపే అవకాశం ఉంటుంది.

ఇక ఆ తీపి కబుర్లు పంపే అవతలి వైపు మనిషి సంగతి. ఇలాంటి మోసాలు నడిపే కేంద్రాల్లో కాంబోడియాలో సుమారు లక్షమంది చేత, మయన్మార్‌లో కనీసం 1.2 లక్షలమంది చేత బలవంతంగా పని చేయిస్తున్నారని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం 2023లో అంచనా వేసింది. 2024 మేలో విశాఖపట్నం పోలీసులు పట్టుకున్న ఏజెంట్లు ఆ దారిలోనివాళ్లే. కంప్యూటర్ ఉద్యోగమని చెప్పి వాళ్లు కాంబోడియా పంపిన మన కుర్రాళ్ల చేత అక్కడ సైబర్ మోసాలు చేయించారు, అదీ సొంత దేశంవాళ్ల మీదే. కొద్దిరోజులకే, బయటపడినవాళ్లలో మొదటి జట్టు విశాఖ విమానాశ్రయంలో దిగింది.