ఆ చుక్క ఎక్కడుందో చూడండర్రా

ఆఫ్రికా రాజధానులు బట్టీ కొట్టించే పని నేను సర్వీసులో ఎప్పుడూ పెట్టుకోలేదు. 54 దేశాలు, కొన్నింటికి రెండేసి రాజధానులు, ఒకదానికి ఏకంగా మూడు. ఎంత చురుకైన పిల్లలైనా పరీక్ష గది గుమ్మం దాటగానే మర్చిపోతారు. మాది తాళ్లరేవు మండలం. జిల్లా పరిషత్ హైస్కూళ్లలో సోషల్ చెప్పి రిటైరయ్యాను. మ్యాపు పాయింటింగ్ రోజున నేను చెప్పే మాట ఒకటే: పేరు సంగతి తర్వాత, ముందు ఆ చుక్క ఎక్కడుందో చూడండర్రా. సముద్రానికి ఎంత దూరం? పక్కదేశం సరిహద్దుకు ఎంత దగ్గర? నడిమధ్యన ఉందా, ఓ మూలకు నక్కిందా?

పశ్చిమ తీరం వెంబడి వేలు పెట్టి పైనుంచి కిందికి రండి. డాకర్, బాంజుల్, బిసావ్, కొనాక్రీ, ఫ్రీటౌన్, మన్రోవియా, అక్రా, లోమే, లిబ్రవిల్, లువాండా. వేలికి ఉప్పునీళ్లు తగులుతూనే ఉంటాయి. లోపల వందల కిలోమీటర్ల దేశం ఉన్నా, ఇంటి పెద్ద వీధి అరుగు మీదే కాపురం పెట్టినట్టు రాజధాని ఒడ్డునే ఉంటుంది. ఎందుకంటే అక్కడ కూర్చుని పాలించినవాళ్లకు లోపలి ఊళ్లతో కన్నా ఓడతో పని ఎక్కువ. వేరుశనగ, కోకో, పామాయిలు, ఖనిజాలు రైల్లో ఒడ్డుకు రావాలి, అక్కణ్ణుంచి యూరప్‌కు పోవాలి. 1884 నవంబరు నుంచి 1885 ఫిబ్రవరి దాకా బెర్లిన్‌లో 14 దేశాల ప్రతినిధులు కూర్చుని ఈ పంపకాలకు నియమాలు రాసుకున్నారు. ఆ బల్ల చుట్టూ ఆఫ్రికావాడు ఒక్కడూ లేడు.

అన్నిటికీ అదే కథ అంటే మాత్రం ఒప్పుకోను. ఫ్రీటౌన్, మన్రోవియా, లిబ్రవిల్ ఈ మూడూ బానిసత్వం నుంచి బయటపడినవాళ్ల కోసం వెలసిన ఊళ్లు. లోమే అయితే మరీ విచిత్రం. నగరం పడమటి అంచు దాటితే ఘనా వచ్చేస్తుంది.

నైజీరియా దగ్గర కాస్త ఆగాలి. పదో తరగతి సోషల్‌లో చైనా, వియత్నాంల సరసన ఈ దేశం గురించి ఉండేది కాబట్టి మా పిల్లలకు పేరు కొత్త కాదు. ఉత్తరాన హౌసా, ఫులానీలు, నైరుతిన యొరుబాలు, ఆగ్నేయాన ఇగ్బోలు. బ్రిటిష్‌వాళ్లు 1861లో లాగోస్ రేవును చేజిక్కించుకున్నారు. 1914లో ఉత్తర, దక్షిణ భాగాలను కలిపేసి అక్కణ్ణుంచే ఏలారు. 1960లో స్వాతంత్ర్యం వచ్చాక కూడా రాజధాని అదే. లాగోస్ యొరుబాల గడ్డ, తక్కినవాళ్లకు పరాయి పెరడే. 1967లో ఇగ్బోలు బయాఫ్రా పేరుతో విడిపోయారు. 1970 దాకా సాగిన ఆ యుద్ధంలో, దాని వెంట వచ్చిన ఆకలిలో లక్షల మంది పోయారు. ఏ పెద్ద జాతి సొంతమూ కాని నడిమి చోటు రాజధానికి కావాలన్న ఆలోచన ఆ తర్వాతే గట్టిపడింది.

1976 ఫిబ్రవరి మొదటి వారంలో సైనిక పాలకుడు ముర్తలా మహమ్మద్ రాజధానిని మారుస్తున్నామని ప్రకటించాడు. అదే నెల 13న ఆఫీసుకు వెళ్తుంటే లాగోస్ ట్రాఫిక్‌లో ఆయన కారు ఇరుక్కుంది. కుట్రదారులు అక్కడే కాల్చి చంపారు. తూటాలు దిగిన ఆ నల్ల మెర్సిడెస్‌ను లాగోస్ మ్యూజియంలో పెట్టారు. రాజధాని మార్చడానికి చెప్పిన కారణాల్లో లాగోస్ ఇరుకు కూడా ఒకటి! ఈ సంగతి చెప్పిన రోజున వెనక బెంచీవాళ్లు కూడా కిక్కురుమనేవారు కాదు. కొత్త రాజధాని అబూజా నడిబొడ్డుకు ప్లాను గీసింది జపాన్ వాస్తుశిల్పి కెంజో టాంగే. ప్రభుత్వం మాత్రం 1991 డిసెంబరు 12 దాకా పూర్తిగా కదల్లేదు. ఎవరి సొంతమూ కాని చోటన్నారే గానీ, అక్కడ గ్బాగి తెగవాళ్ల పల్లెలుండేవి. వాళ్లను లేపాల్సి వచ్చింది. ఈ ముక్క మన పాఠంలో ఉండదు.

తమ లెక్కలు తమకుండి మరికొందరూ లోపలికి జరిగారు. మలావీ 1975లో జోంబా నుంచి లిలోంగ్వేకు మారింది. టాంజానియా 1973లోనే దార్-ఎస్-సలాం వదిలి నడిమధ్యనున్న డొడోమాకు పోదామని తీర్మానించుకుంది. పదేళ్లలో అయిపోతుందనుకున్నారు. మంత్రిత్వ శాఖలు మూటాముల్లె సర్దుకుని నిజంగా కదిలింది మాత్రం 2016 తర్వాతే. ఐవరీ కోస్ట్ సంగతి వేరు. అధ్యక్షుడు ఉఫుయే-బ్వాన్యీ తాను పుట్టిన యమూసుక్రోనే 1983లో రాజధాని చేసుకున్నాడు. అక్కడ 158 మీటర్ల ఎత్తున చర్చి కట్టిస్తే, 1990లో పోప్ రెండో జాన్ పాల్ వచ్చి ప్రతిష్ఠ చేశాడు. అధ్యక్ష భవనం చుట్టూ కొలను, కొలనులో మొసళ్లు. రాయబార కార్యాలయాలూ వ్యాపారమూ మాత్రం ఇప్పటికీ అబిజాన్‌లోనే. అబూజా నిలదొక్కుకున్నట్టు యమూసుక్రో నిలదొక్కుకోలేదు. ఒక మనిషి ముచ్చటకు కట్టిన ఊరికి అంతకన్నా ఏం జరుగుతుంది లెండి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన చుక్క బోట్స్వానాది. బ్రిటిష్‌వాళ్ల కాలంలో ఆ దేశం పరిపాలన మాఫెకింగ్ నుంచి నడిచేది. మాఫెకింగ్ ఉన్నది దక్షిణాఫ్రికాలో! రాజధాని దేశం సరిహద్దు అవతల అన్నమాట. స్వాతంత్ర్యం దగ్గరపడుతుండగా రైలు మార్గానికీ నీటికీ అందుబాటులో ఉండేలా గబొరోన్ కట్టుకున్నారు. 1965లో కచేరీలు అక్కడికి చేరాయి, మరుసటేడు జెండా ఎగిరింది. మారిటేనియాదీ అదే అవస్థ. సెనెగల్‌లోని సెయింట్ లూయీ నుంచి ఫ్రెంచివాళ్లు దాన్ని ఏలేవారు. 1950ల చివర ఒక చిన్న పల్లె దగ్గర న్వాక్‌షోట్ కట్టారు.

కాంగో నది దగ్గర రెండు చుక్కలు ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. ఈ ఒడ్డున కిన్షాసా, ఆ ఒడ్డున బ్రజావిల్. రెండు దేశాల రాజధానులు, మధ్యలో వంతెన లేదు, పడవలే దిక్కు. ఇలా పక్కపక్కన ఎందుకు పుట్టాయంటే, అక్కణ్ణుంచి సముద్రం వైపు చాలా దూరం నది బండల మీద దూకుతూ పోతుంది, ఓడ పైకి రాలేదు. ఆ దూకుళ్లకు ఎగువన మాత్రం లోపలికి వందల మైళ్లు నీటి దారే. దాంతో బెల్జియంవాళ్లూ ఫ్రెంచివాళ్లూ ఎవరి గట్టున వాళ్లు మకాం వేసి, ఎవరి రైలు వాళ్లు సముద్రానికి వేసుకున్నారు.

ఇక మూడు రాజధానులు. 2019 డిసెంబరులో మన ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో ఈ మాట వచ్చినప్పుడు దక్షిణాఫ్రికానే ఉదాహరణగా చెప్పారు. నాలుగు రోజులు ఊళ్లో టీ కొట్టు దగ్గర నాకు మహా గిరాకీ. పాత స్టూడెంటు ఒకతను ఆపి, "మాస్టారండీ, వాళ్లకి మూడెందుకండీ?" అన్నాడు. వికేంద్రీకరణ కోసం కాదురా, పేచీ తీరక అన్నాను. 1910లో కేప్, నేటల్, ట్రాన్స్‌వాల్, ఆరెంజ్ రివర్ అనే నాలుగు కాలనీలు ఒక్కటయ్యాయి. ఎవరి ముఖ్యపట్టణం వాళ్లు వదులుకోమన్నారు. చివరికి పార్లమెంటు కేప్‌టౌన్‌కు, సచివాలయం ప్రిటోరియాకు, పెద్ద కోర్టు బ్లూమ్‌ఫాంటేన్‌కు పంచారు. "మరి నేటల్ వాళ్లకండీ?" డబ్బిచ్చి సర్దిచెప్పారు. ఇప్పటికీ మంత్రులు ప్రిటోరియాకూ కేప్‌టౌన్‌కూ మధ్య వెయ్యి కిలోమీటర్లకు పైగా విమానాల్లో తిరుగుతూనే ఉన్నారు. రాజ్యాంగ న్యాయస్థానం ఈ మూడింటిలోనూ లేదు, జొహనెస్‌బర్గ్‌లో ఉంది.

మా వైపు పిల్లలకు నేను తప్పకుండా చూపించే చుక్క ఇంకొకటుంది. మహాసముద్రంలో ఆవగింజంత మారిషస్, దాని రాజధాని పోర్ట్ లూయీ. ఆఫ్రికా దేశాల లెక్కలోనే వస్తుంది. 1834 నుంచి చెరకు తోటలకు మన దేశపు కూలీలు దిగిన రేవు అది. వాళ్లు మెట్లెక్కిన చోటు, ఆప్రవాసీ ఘాట్, 2006లో యునెస్కో జాబితాకెక్కింది. మా కోరంగి రేవు నుంచి పోయిన తెలుగువాళ్లను అక్కడ కొరింగీలనేవారు. మారిషస్‌లో ఉగాదికి ప్రభుత్వ సెలవు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి.

పోటీ పరీక్షలకు చదివేవాళ్లకు ఒక్క హెచ్చరిక. పాత గైడ్లను నమ్మకండి. టాంజానియాకు డొడోమా రాయండి. బెనిన్‌కు పోర్టో-నోవో, ప్రభుత్వం నడిచేది కోటోనూ నుంచైనా సరే. బురుండీకి బుజుంబురా కాదు, 2019 నుంచి గిటేగా. ఈజిప్టుకు ఇప్పటికి కైరోనే. దానికి తూర్పున ఎడారిలో కడుతున్న కొత్త నగరానికి పార్లమెంటు, మంత్రిత్వ శాఖలు చేరుతున్నాయి. దాన్ని కొత్త పరిపాలనా రాజధాని అనే పిలుస్తున్నారు.