ఐపీ పెట్టాక లోను బీమా డబ్బు వెనక్కి అడగొచ్చా?

అప్పులు తీర్చలేక కోర్టులో ఐపీ (దివాలా పిటిషన్) పెట్టిన మనిషికి, ఎప్పుడో తన లోనులోంచి అడగకుండా కోసుకున్న బీమా ప్రీమియం గుర్తొస్తే ముందు వచ్చే అనుమానం ఒకటే: అన్నీ కోర్టుకు అప్పజెప్పాక ఆ డబ్బు అడిగే హక్కు ఇంకా ఉంటుందా? హక్కు పోదు. కాకపోతే అది ఇక ఆయన ఒక్కడి చేతిలో ఉండదు. ఈ రెండు సంగతులూ కలిపి తెలుసుకోకపోవడం వల్లే కొందరు రావలసిన సొమ్ము వదిలేస్తున్నారు. ఇంకొందరు వచ్చిన సొమ్ము కోర్టుకు చెప్పకుండా వాడుకుని చిక్కుల్లో పడుతున్నారు.

ముందు ఈ బీమా ఏమిటో చూద్దాం. లోను తీసుకున్నవారు మధ్యలో చనిపోతే మిగిలిన బాకీ బీమా కంపెనీ కట్టేలా రాసుకునేదే లోను బీమా. మంచి ఏర్పాటే. కానీ ‘ఇది తీసుకుంటేనే లోను’ అని షరతు పెట్టడం, లేదా సంతకాల కట్టలో ఆ కాగితం కూడా కలిపి చెప్పకుండా చేయించుకోవడం తప్పు. దీన్నే తప్పుడు అమ్మకం అంటున్నాం. బీమా తీసుకోవడం ఖాతాదారు ఇష్టమనీ, లోనుతో ముడిపెట్టకూడదనీ రిజర్వు బ్యాంకు నిబంధనలే చెబుతున్నాయి.

ఇప్పుడు లెక్క. పాణ్యంలో ఒక కౌలు రైతు 14 శాతం వడ్డీకి, 5 ఏళ్ల గడువుతో 3 లక్షల లోను తీసుకున్నాడనుకుందాం. మన ఊళ్ల వడ్డీ లెక్కలో చెప్పాలంటే నూటికి నెలకు రూపాయి పైన పదిహేడు పైసలు. ప్రీమియం కింద 18,000 ముందే కోసుకుని 2,82,000 చేతికిచ్చారు. కిస్తు మాత్రం 3 లక్షల మీదే, నెలకు 6,980. అందులో ఆ 18,000 వాటా సుమారు 419 రూపాయలు. అంటే గ్యాస్ సిలిండర్ ధరలో సగానికి దగ్గరగా, నెలనెలా అయిదేళ్లపాటు. 60 కిస్తులూ కడితే 18,000 ప్రీమియానికి ఆయన ఇచ్చుకున్నది 25,130. తేడా 7,130, ప్రీమియం మీద పడిన వడ్డీ.

అంత ఖరీదైన బీమా అవసరమా అంటే పక్కన పెట్టి చూడటానికి ఒకటుంది. ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమాలో 18 నుంచి 50 ఏళ్లలోపు వారు ఏడాదికి 436 రూపాయలు కట్టి చేరితే, చనిపోయినప్పుడు ఇంటివాళ్లకు 2 లక్షలు వస్తాయి. అయిదేళ్లకు 2,180. రెండింటి రక్షణా ఒక్కటే కాదు, వచ్చే మొత్తాలు వేరు. అయినా ఖర్చులో ఇంత తేడా ఉన్నప్పుడు ఎంచుకునే అవకాశం రైతుకు ఇచ్చి ఉండాల్సింది.

‘నా లోనులో బీమా ఉందో లేదో నాకే తెలియదు’ అనేవారు చాలామంది. కనుక్కోవడం కష్టం కాదు. బ్యాంకుకో ఫైనాన్స్ కంపెనీకో వెళ్లి లోను ఖాతా స్టేట్‌మెంటు, మంజూరు పత్రం అడగండి. లోను ఇచ్చిన రోజునే ఇన్సూరెన్స్ పేరుతో ఖర్చు రాసి ఉంటే అదే. 2024 అక్టోబరు 1 నుంచి తీసుకున్న రిటైల్, చిన్న వ్యాపార టర్మ్ లోనులకు ‘కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్’ అనే కాగితం తప్పనిసరి. ఖర్చులన్నీ ఒకేచోట చూపే పట్టిక అది. బీమాకు కోసింది అందులో ఉండాలి. అందులో లేని ఖర్చును మీ స్పష్టమైన ఒప్పుదల లేకుండా వసూలు చేయకూడదు. తరచూ ఇవి గ్రూప్ పాలసీలు. అసలు పాలసీ బ్యాంకు పేరున ఉంటుంది, మీకు ఒక సర్టిఫికెట్ మాత్రం రావాలి. అది అందలేదా? ఆ సంగతే మీ ఫిర్యాదులో మొదటి వాక్యం కావాలి.

ఇక అసలు చిక్కు, ఐపీ. కంపెనీల అప్పులకు హామీ ఉన్నవారిని మినహాయిస్తే, మామూలు మనుషుల దివాలాకు మన దగ్గర నేటికీ 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టమే నడుస్తోంది. 2016లో వచ్చిన కొత్త దివాలా కోడ్‌లో వ్యక్తుల భాగం మిగతావారికి ఇంకా అమల్లోకి రాలేదు. పాత చట్టం ఎంత పాతదంటే, పిటిషన్ వేయడానికి అప్పు కనీసం 500 రూపాయలు ఉండాలంటుంది! జిల్లా కోర్టులోగానీ, ప్రభుత్వం అధికారమిచ్చిన సబ్ కోర్టులోగానీ వేస్తారు. కోర్టు ‘ఈయన దివాలాదారు’ అని తీర్పిచ్చిన క్షణం నుంచి, 28వ సెక్షన్ ప్రకారం ఆయన ఆస్తి కోర్టుకో, కోర్టు నియమించిన రిసీవరుకో దఖలుపడుతుంది. రిసీవరు అంటే ఆస్తి పోగుచేసి అప్పులవాళ్లకు పంచే మనిషి.

ప్రీమియం ఆస్తి ఎలా అవుతుందని అడగొచ్చు. ఒకరి దగ్గర నుంచి మీకు న్యాయంగా రావలసిన డబ్బు కూడా ఆస్తే. పొలం, బ్యాంకులో నిల్వ లాంటిదే అదీ. పైగా తీర్పు ఎప్పుడొచ్చినా, దాని ప్రభావం పిటిషన్ వేసిన రోజు నుంచే లెక్క. కాబట్టి పిటిషన్ వేశాక, తీర్పు రాకముందు చేతికొచ్చిన రీఫండు కూడా ఈ లెక్కలోకి వస్తుంది. తీర్పు తర్వాత, విడుదల ఉత్తర్వుకు ముందు కొత్తగా వచ్చిన ఆస్తికీ ఇదే నియమం. విడుదల ఉత్తర్వు అంటే పాత అప్పుల నుంచి కోర్టు మిమ్మల్ని బయటపడేసే ఆదేశం.

ఇదే ప్రశ్న బ్రిటన్‌లోనూ చాలామంది ఎదుర్కొన్నారు. అక్కడ లోనులతో అంటగట్టిన ఇలాంటి బీమాను పీపీఐ అంటారు. 2014లో ఆ దేశ సుప్రీంకోర్టు ముందుకొచ్చిన ప్లెవిన్ కేసులో, ప్రీమియంలో ప్రతి 100 పౌండ్లకు దాదాపు 72 పౌండ్లు కమీషన్‌కే పోయినట్టు తేలింది. 2019 ఆగస్టు 29 వరకు ఫిర్యాదులు తీసుకున్నారు. బ్యాంకులు వెనక్కిచ్చింది సుమారు 3,800 కోట్ల పౌండ్లు. అయితే దివాలా తీసినవారి విషయంలో, దివాలాకు ముందు అమ్మిన పాలసీ మీద వచ్చే పరిహారం అఫిషియల్ రిసీవరుకే చెందుతుందన్నారు. దివాలా నుంచి విడుదలైన తర్వాత అడిగినవారికీ ఇదే సమాధానం వచ్చింది. మన 28వ సెక్షన్ చెప్పేదీ దానికి దగ్గరే.

‘అప్పులవాళ్లకు పోయే డబ్బు కోసం నేనెందుకు తిరగాలి?’ అనేది న్యాయమైన ప్రశ్న. జవాబు 42వ సెక్షన్‌లో ఉంది. తాకట్టు లేని అప్పుల్లో రూపాయికి ఎనిమిది అణాల (యాభై పైసల) విలువైన ఆస్తి కూడా లేకపోతే, అందుకు తన తప్పు లేదని దివాలాదారు చూపించుకోవాలి. చూపించుకోలేకపోతే కోర్టు పూర్తి విడుదల ఇవ్వదు. మన రైతుకు అలాంటి అప్పులు 6 లక్షలు, ఆస్తి 2,85,000 ఉందనుకోండి. రూపాయికి నలభై ఏడున్నర పైసలు. ప్రీమియం 18,000 వెనక్కొస్తే 3,03,000 అయి యాభై పైసలు దాటుతుంది. చిన్న మొత్తమే గీత దాటించగలదు. నా దృష్టిలో ఈ పని చేయడానికి ఇంతకన్నా గట్టి కారణం అక్కర్లేదు. పైగా అందరి బాకీలూ, వడ్డీ, ఖర్చులూ పోగా ఏమైనా మిగిలితే అది దివాలాదారుదేనని 67వ సెక్షన్ చెబుతోంది.

బ్యాంకు ‘నీ బాకీలో జమ వేసుకున్నాం’ అంటే? ఒకే పార్టీకి మీరు బాకీ, ఆ పార్టీ మీకు బాకీ అయితే రెండూ కొట్టేసి నికరం తేల్చే వీలు 46వ సెక్షన్‌లో ఉంది. కానీ ప్రీమియం తీసుకున్నది బీమా కంపెనీ, లోను బ్యాంకుది. రెండూ వేర్వేరు సంస్థలు. కాబట్టి జమ వేశామన్న మాట విని ఊరుకోకుండా, డబ్బు వెనక్కిచ్చింది ఎవరో రాతపూర్వకంగా అడిగి ఆ కాగితం రిసీవరుకు ఇవ్వాలి.

దాచడం మాత్రం వద్దు. మోసంతో ఆస్తి దాచిన దివాలాదారుకు 69వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు పడవచ్చు. పిటిషన్‌లో ఆస్తుల జాబితా రాసేటప్పుడే ‘ఫలానా లోనులో అడగకుండా కోసిన ప్రీమియం, రావలసి ఉంది’ అని ఒక్క వరుస రాయించండి. ఇప్పటికే తీర్పు వచ్చి ఉంటే రిసీవరుకు ఉత్తరం ఇచ్చి, ఒక నకలు మీద తేదీ, సంతకం తీసుకోండి. ఆస్తికి సంబంధించి దావా వేయాలంటే కోర్టు అనుమతితో రిసీవరే వేయాలి. ఒక తేడా వకీలుతో మాట్లాడుకోండి: జీవిత బీమా పాలసీ కింద చెల్లే సొమ్మును జప్తు కాకుండా సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ కాపాడుతుంది. తప్పుడు అమ్మకానికి వెనక్కొచ్చే ప్రీమియం ఆ కోవలోకి రాకపోవచ్చు. కోర్టు తేల్చేదాకా దాన్ని ఖర్చు పెట్టకూడదు.

ఫిర్యాదు ఎక్కడ? పాలసీ కాగితం చేతికొచ్చి 30 రోజులు దాటకపోతే ఫ్రీ లుక్ గడువు ఉంది, అంటే నచ్చకపోతే తిప్పి పంపే గడువు. కొంత మినహాయించుకుని మిగతాది వెనక్కివ్వాలి. అది దాటితే ముందు బీమా కంపెనీకి రాయండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. ఆంధ్రప్రదేశ్ ఆ కార్యాలయం కిందకే వస్తుంది. ఖర్చు లేదు, వకీలు అక్కర్లేదు. కంపెనీ కాదన్న ఏడాదిలోపే వెళ్లాలి. తప్పు బ్యాంకుదైతే, వాళ్లకు రాసి 30 రోజులు ఆగి రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్ల గడువు.

ఒక్క జాగ్రత్త. పాలసీ రద్దు చేసేముందు లోను తీసుకున్న మనిషికి ఏదైనా జబ్బు ఉందా, రక్షణ ఇంకా ఎన్నేళ్లుందో చూసుకోండి. లోను తీసుకున్న మనిషి ఇప్పటికే చనిపోయి ఉంటే ప్రీమియం కాదు, క్లెయిమే అడగాలి. బీమా ఉందని తెలియక ఆ బాకీ ఇంటివాళ్లు కట్టకూడదు.

బీమా ఫిర్యాదులకు 155255, బ్యాంకు ఫిర్యాదులకు 14448. ఫోన్ చేసేముందు లోను స్టేట్‌మెంటు చేతిలో పెట్టుకోండి. ఐపీ కాగితాల మీద సంతకం పెట్టకముందే వకీలుకు ఆ స్టేట్‌మెంటు చూపించండి.