గాలి, గడ్డి, గ్వానాకో: పెటగోనియాలో నడిచి చూసినవి

దక్షిణ అమెరికా వెళ్ళొచ్చామని ఎవరైనా అంటే, మనవాళ్ళు వెంటనే "మచూపిచూ చూశారా?" అని అడుగుతారు. అది తప్పకుండా చూడవలసిందే. కానీ ఆ ఖండానికి అట్టడుగున, చిలీ దేశంలో, వీపున సంచి వేసుకుని నడిచేవాళ్ళ కోసమే పుట్టిందా అనిపించే చోటు ఇంకొకటి ఉంది. పేరు టోరెస్ డెల్ పైనే. 'టోరెస్' అంటే స్పానిష్ భాషలో గోపురాలు. 'పైనే' అంటే అక్కడి మూలవాసులైన తెహువెల్చె ప్రజల భాషలో నీలం అని చెబుతారు. నీలి సరస్సుల పక్కన నిటారుగా లేచిన మూడు రాతి గోపురాలు, వాటి చుట్టూ కొండలు, హిమానీనదాలు, గడ్డి మైదానాలు కలిపి 1959లో జాతీయ వనం చేశారు. 1978లో యునెస్కో దాన్ని జీవావరణ రక్షిత ప్రాంతాల జాబితాలో చేర్చింది.

నేనూ మా ఆవిడా అక్కడ ఐదు రోజులు నడిచాం. ఇక్కడ మనం వాకిట్లో మంచు ఊడ్చుకునే జనవరిలో అక్కడ నడివేసవి. మేం నడిచిన దారిని 'డబ్ల్యు' అంటారు. పటంలో గీస్తే ఆ అక్షరంలా ఉంటుంది. మొత్తం 75 కిలోమీటర్ల పైచిలుకు. కొండంతా చుట్టివచ్చే 'ఓ' దారికి వారం, తొమ్మిది రోజులు పడుతుంది. ఎత్తు గురించి భయపడనక్కర్లేదు. గోపురాల పాదాల దగ్గరి సరస్సు కూడా 900 మీటర్ల లోపే కనుక ఊపిరాడని సమస్య రాదు. అక్కడ పరీక్ష పెట్టేది ఎత్తు కాదు, గాలి.

ఆ గాలి సంగతి అర్థమైతే మిగతాదంతా అర్థమవుతుంది. గ్లోబు మీద దక్షిణాన 51వ అక్షాంశం దగ్గర వేలు పెట్టి తిప్పి చూడండి. దక్షిణ అమెరికా కొసా, ఫాక్‌లాండ్ దీవులూ తప్ప చెప్పుకోదగ్గ నేల తగలదు, అంతా సముద్రమే. పడమటి నుంచి వచ్చే గాలికి అడ్డూ ఆపూ లేదు. అది మొదట గుద్దుకునేది ఇక్కడి ఆండీస్ కొండలనే. వేసవిలో దాని జోరు ఇంకా ఎక్కువ. గంటకు 100 కిలోమీటర్లు దాటిన విసురు అక్కడివాళ్ళకు వార్త కాదు. 2025 నవంబరులో 'ఓ' దారిలోని ఎత్తైన కనుమ దగ్గర మంచు తుపానులో ఐదుగురు పర్యాటకులు చనిపోయారు. వాతావరణం బాగాలేదని దారి మూస్తే, "ఇంత దూరం వచ్చాం కదా" అని వాదించకూడదన్నమాట.

సముద్రం మీద తడిసిన ఆ గాలి కొండలెక్కుతూ చల్లబడి, ఉన్న నీళ్ళన్నీ పడమటి వైపే కుమ్మరిస్తుంది. అక్కడ అది మంచుగా పేరుకుని దక్షిణ పెటగోనియా మంచు మైదానం అయింది. గ్రే హిమానీనదం దాని కొసనుంచి జారే ఒక నాలుక. అది వెనక్కి తగ్గుతోంది. 2017లో దాన్నుంచి విరిగిపడ్డ ముక్క ఒకటి దాదాపు 350 మీటర్ల పొడవు. కొండ దాటి తూర్పుకు వచ్చేసరికి గాలి పొడిబారిపోతుంది. వాన తక్కువ కనుక అక్కడ గడ్డి పెరుగుతుంది. గడ్డి ఉన్నచోట గ్వానాకో ఉంటుంది.

గ్వానాకో ఒంటె కుటుంబంలోని జంతువు. మూపురం ఉండదు, మెడ పొడుగు, ఒళ్ళు బెల్లం రంగు, పొట్ట తెలుపు. మనం బొమ్మల్లో చూసే లామా దీన్ని మచ్చిక చేయగా వచ్చిందే. మంద మేస్తుంటే ఒక మగది గట్టెక్కి కాపలా కాస్తుంది. పూమా కనపడితే గుర్రం సకిలించినట్టు అరుస్తుంది. మూడో రోజు ఆ అరుపు విని మేమిద్దరం నిలబడిపోయాం. పూమా మాకు కనపడలేదు, కానీ మంద అంతా ఒకే వైపు చూస్తూ చాలాసేపు కదల్లేదు. "మన కంటే వాటికి బాగా తెలుసు, పద" అంది మా ఆవిడ. ఒకవేళ పూమా ఎదురైతే పరుగెత్తకూడదు, వీపు చూపకూడదు. దాన్నే చూస్తూ, చేతులెత్తి పెద్దగా కనపడుతూ మెల్లగా వెనక్కి జరగాలి.

పూమా చంపి తినగా మిగిలింది కాండోర్‌కు, నక్కలకు. కాండోర్ అక్కడి రాబందు. రెక్కలు చాపితే మూడు మీటర్ల పైన, బరువు 15 కిలోల దాకా. ఇంత బరువైన పక్షి ఎలా ఎగురుతుందని శాస్త్రజ్ఞులు పరికరాలు కట్టి చూశారు. ఎగిరే సమయంలో రెక్క ఆడించేది ఒక్క శాతమేనని 2020లో ప్రచురించారు. ఒక పక్షి ఐదు గంటల పాటు, 172 కిలోమీటర్లు, ఒక్కసారి కూడా రెక్క కొట్టకుండా వెళ్ళింది. మనల్ని పడదోసే గాలే దానికి రథం. మన ఊళ్ళలో చిన్నప్పుడు చూసిన రాబందులు పశువులకిచ్చే డైక్లోఫెనాక్ మందు వల్ల దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. అందుకేనేమో, తల ఎత్తి కాండోర్‌ను చూస్తుంటే సంతోషంతో పాటు కొంచెం దిగులు కూడా వేసింది.

ఇదంతా మనిషి చేయి పడని ప్రకృతి అనుకుంటాం. అది నిజం కాదు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఈ ప్రాంతమంతా గొర్రెల ఎస్టేట్లు అయింది. గడ్డి గొర్రెలకు పోయింది. మేత కోసం అడవులు తగలబెట్టారు. గొర్రెల్ని తింటుందని పూమాను కాల్చారు. వనం ఏర్పడి గొర్రెలు బయటికి పోయాక, చిలీలో 1980లో పూమా వేటను నిషేధించాక, గ్వానాకోలు పెరిగాయి, వాటి వెనకే పూమాలూ వచ్చాయి. ఇప్పుడు వనం సరిహద్దులోని కొన్ని ఎస్టేట్లు పూమాను చూపించి సంపాదిస్తున్నాయి. గొర్రెల మీదే బతికే పొరుగువాళ్ళకు మాత్రం నష్టం నష్టమే. కనుక ఆ తగువు పూర్తిగా తీరలేదు.

ఇలా కోలుకున్న చోటును మళ్ళీ దెబ్బతీసింది మనలాంటి నడకవాళ్ళే. 1985లో, 2005లో, 2011 డిసెంబరులో వచ్చిన మూడు పెద్ద కార్చిచ్చులూ పర్యాటకుల వల్ల అంటుకున్నవే. 2005లో కారణం ఒక చిన్న వంట స్టవ్వు. దానికి సుమారు 15,000 హెక్టార్లు కాలిపోయాయి. 2011లో మొదలైనది 17,000 హెక్టార్లు, అంటే మన లెక్కలో 42,000 ఎకరాలు. దారి పక్కన బూడిద రంగు మోడులు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. అవి లెంగా అనే చెట్లు. చాలా మెల్లగా పెరుగుతాయి, విత్తనం తల్లి చెట్టుకు దగ్గర్లోనే పడుతుంది. కాబట్టి నడుమ కాలిపోయిన అడవి తనంతట తాను తిరిగి రావడానికి మనిషి జీవితకాలం చాలదు. నాటిన మొక్కల్ని గాలి, కుందేళ్ళు, మేసే జంతువులు బతకనివ్వాలి.

అందుకని అక్కడ చలిమంట ఎక్కడా వేయకూడదు. స్టవ్వు శిబిరాల్లో కేటాయించిన వంట గదుల్లోనే వెలిగించాలి. ఎక్కడపడితే అక్కడ టెంటు వేయకూడదు, ప్రతి రాత్రికీ ముందే చోటు రిజర్వు చేసుకోవాలి. సాయంత్రం దారిలో ఒక రాయి చాటున కూర్చుని వేడివేడిగా కాఫీ కాచుకుంటే ఎంత బాగుంటుందో నాకూ తెలుసు. ఆ కోరికకి అక్కడ ఖరీదు వేల ఎకరాలు. ఫ్లాస్కులో పోసుకుని వెళ్ళండి.

వెళ్ళాలనుకునే దంపతులకు మరికొన్ని మాటలు. పుంటా అరేనాస్ నుంచి పుయెర్టో నటాలెస్ ఊరికి బస్సులో సుమారు 250 కిలోమీటర్లు. అక్కడి నుంచి వనం 110 కిలోమీటర్ల పైన. ఇద్దరున్నప్పుడు టెంటు ఒకరి సంచిలో, వంట సామాను, తిండి మరొకరి సంచిలో సర్దితే బరువు సగమవుతుంది. గొడుగు దండగ, గాలికి నిలవదు. గాలీ వానా ఆపే మంచి కోటు కొనండి. చిలీలో విమానం దిగగానే పళ్ళు, తేనె, గింజలు పట్టుకుంటారు. పప్పులు, పొడులు, పచ్చడి ఏదున్నా ఫారంలో రాసి చూపించండి. దాచితే జరిమానా.

ఆ గోపురాల రాయి కోటీ ఇరవై లక్షల ఏళ్ళ కిందట భూమి లోపల కరిగి, చల్లబడి గట్టిపడింది. దానికి మన రాకపోకలు లెక్కలోవి కావు. దాని కింద ఉన్న గడ్డికి, లెంగా మొక్కకి, గ్వానాకో పిల్లకి మాత్రం లెక్కే. మన పిల్లలు వీపున సంచి వేసుకుని అక్కడికి వెళ్ళేనాటికి ఆ మోడుల మధ్య పచ్చదనం కనపడాలంటే, వెళ్ళిన ప్రతివాళ్ళూ అగ్గిపుల్ల దగ్గర జాగ్రత్తగా ఉండాలి.